అనంతపురం జేఎన్‌టీయూలో బీటెక్: సీటు దగ్గర్నుంచి ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) దాకా

ఏటా ఈఏపీసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకులు రాగానే మా ఇంటికి ఎవరో ఒకరు వస్తారు. తండ్రి చేతిలో సర్టిఫికెట్ల కవరు, పిల్లోడి చేతిలో ఫోను. "అప్పా, మావోనికి ఈ ర్యాంకు వచ్చింది, యాడ చేర్పిచ్చాల?" అని అడుగుతారు. చేరాక ఎలా నెగ్గుకురావాలో మాత్రం ఎవరూ అడగరు. ఇంటర్‌లో లెక్చరర్ వెంటపడి చదివిస్తాడు, వార్డెన్ తెల్లారుజామున లేపుతాడు, వారం వారం మార్కులు ఇంటికి మెసేజ్ వస్తాయి. యూనివర్సిటీ చదువులో అవేవీ ఉండవు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు, అంతే. చూసుకున్నోడు బయటపడతాడు. నేను ఒకసారి చూసుకోలేదు, ఆ సంగతి కింద చెప్తాను.

ముందు, ఏ జేఎన్‌టీయూ?

"జేఎన్‌టీయూలో సీటొచ్చింది" అనే మాటను మన దగ్గర రెండు అర్థాల్లో వాడతారు. ఒకటి యూనివర్సిటీ సొంత కాలేజీ. అనంతపురం క్యాంపస్, పులివెందుల, కలికిరి ఈ లెక్కలోకి వస్తాయి. రెండోది యూనివర్సిటీకి అఫిలియేషన్ ఉన్న ప్రైవేటు కాలేజీ. పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే అయినా ఫీజు, హాస్టలు, ల్యాబులు, చివరి ఏడాది క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు వేరు వేరు.

అనంతపురం కాలేజీ 1946లో మొదలైంది. మొదట మద్రాసులోని గిండీ కాలేజీ ఆవరణలో నడిచి, తర్వాత ఇక్కడికి వచ్చింది. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2008లో యూనివర్సిటీని విడదీశాక అనంతపురానిదే వేరే యూనివర్సిటీ అయింది. ఈ చరిత్ర ఎందుకంటే, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటి పాత బ్రాంచిల సీనియర్లు ఇరిగేషన్, విద్యుత్తు, రోడ్లు భవనాల శాఖల్లో తరాలుగా ఉన్నారు. రేపు ఇంటర్న్‌షిప్ లెటర్ పట్టుకుని తిరిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇంకో తేడా అటానమస్. అటానమస్ కాలేజీ అయితే సిలబస్, పరీక్షలు, తేదీలు కాలేజీవే. కాకపోతే యూనివర్సిటీవి. మీది ఏదో చేరిన రోజే కనుక్కోండి. లేకపోతే పక్క కాలేజీ ఫ్రెండు పంపిన టైంటేబుల్ చూసుకుని కూర్చుంటారు.

వెబ్ ఆప్షన్లు

ర్యాంకు లెక్కలో ఈఏపీసెట్‌కు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం. ఆ దశ దాటాక మన చేతిలో ఉండేది ఆప్షన్ల వరుస ఒక్కటే. ఇక్కడ చాలామంది చేసే తప్పు, "నా ర్యాంకుకు ఇది రాదులే" అని ఇష్టమైన కాలేజీని కిందికి తోసి, వచ్చేదాన్ని పైన పెట్టడం. కంప్యూటర్ మీ లిస్టును పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మీ ర్యాంకుకు, కేటగిరీకి ఎక్కడ సీటు దొరికితే అక్కడ ఆగుతుంది. పైన పెట్టినది రాకపోతే కిందిదాని అవకాశం తగ్గదు. కానీ వచ్చేదాన్ని పైన పెడితే, దాని కిందున్న మంచిదాన్ని అసలు చూడదు. కాబట్టి వరుస పెట్టాల్సింది ఇష్టాన్ని బట్టి. కిందటేడు చివరి ర్యాంకుల జాబితాను లిస్టు ఎంత పొడవు ఉండాలో తేల్చుకోవడానికి వాడండి.

లోకల్ (స్థానిక కోటా) సంగతి కూడా చూసుకోండి. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాలు ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) రీజియన్‌లోకి వస్తాయి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే లోకల్‌కు ఆధారం. బళ్లారిలోనో బెంగళూరులోనో ఇంటర్ చదివినవాళ్లు ఈ విషయం ముందే తేల్చుకోవాలి.

బ్రాంచా, కాలేజీనా అంటే నా మాట ఇది: రెండో ఏడాది సిలబస్ దించుకుని సబ్జెక్టుల పేర్లు, యూనిట్లు ఒక గంట చదవండి. థర్మోడైనమిక్స్ చూసి కడుపులో తిప్పితే మెకానికల్ వద్దు. కోడ్ రాయడం విసుగైతే, పక్కింటోళ్లు ఎంత చెప్పినా సీఎస్ఈ వద్దు. ఈ గంట పని చేసేవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

కాగితాలు

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, వర్తిస్తే ఈడబ్ల్యూఎస్. అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీయించి, స్కాన్ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. వెరిఫికేషన్ అయ్యాక ఒరిజినళ్లు విద్యార్థికి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ నిబంధన ఉంది. అడగడానికి మొహమాటపడొద్దు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంది. ఆగిపోయే కారణాలు మాత్రం మారవు: బ్యాంకు ఖాతాకు ఆధార్ మ్యాపింగ్ లేకపోవడం, పేరులో ఒక అక్షరం తేడా, హాజరు 75 శాతానికి తగ్గడం. మొదటి రెండింటినీ చేరకముందే సరిచేసుకోవచ్చు.

రెగ్యులేషన్ పుస్తకం చదవండి, ఒక్కసారైనా

ఇదే అసలు పాఠం, ఏ సబ్జెక్టులోనూ లేనిది. 2023 బ్యాచ్ నుంచి ఆర్23 రెగ్యులేషన్ (చదువు, పరీక్షల నిబంధనల పుస్తకం) నడుస్తోంది. నిబంధనలన్నీ కొన్ని పేజీలే, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. అటానమస్ కాలేజీలకు సొంత కాపీ ఉంటుంది, అంకెల్లో కొంచెం తేడా రావచ్చు. కింద చెప్పేవి ఆర్23 లెక్కలు.

డిగ్రీకి 160 క్రెడిట్లు (పాసైన ప్రతి సబ్జెక్టుకూ దాని బరువును బట్టి ఖాతాలో పడే లెక్క). థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ (సెమిస్టర్ మధ్యలో పెట్టేవి) 30, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 70. పాస్ కావాలంటే ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే 70కి 25. రెండూ కలిపి 100కు 40. ఇంటర్నల్‌లో 12 తెచ్చుకున్నోడు ఎక్స్‌టర్నల్‌లో 28 తేవాలి. 25 తెచ్చుకున్నోడికి 25 చాలు. మూడు మార్కులే కదా అనుకోవద్దు. సప్లీల (ఫెయిలై మళ్లీ రాసే పరీక్షల) జాబితాలో ఉండేదంతా ఆ మూడు మార్కుల జనమే.

సెమిస్టర్‌కు రెండు మిడ్‌లు, ఇంటర్నల్ మార్కులు వచ్చేది వీటి నుంచే. బాగా రాసినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. ఒకదాంట్లో 28, ఇంకోదాంట్లో 14 వచ్చాయనుకోండి: 22.4, 2.8 కలిపి 25.2. మామూలు సగటైతే 21 దగ్గరే ఆగేది. కాబట్టి ఒక మిడ్ చెడితే దిగాలుపడి రెండోది వదిలేయడం శుద్ధ తెలివితక్కువ.

హాజరు అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, ఫీజు కట్టి కాండొనేషన్ (హాజరు తగ్గినందుకు మినహాయింపు) అడగాలి. 65 కంటే తగ్గితే డిటెయిన్, ఆ సెమిస్టర్ జూనియర్లతో మళ్లీ చదవాల్సిందే. వారానికి 30 పీరియడ్లు, 16 వారాలు అనుకుంటే మొత్తం 480. మానడానికి మీ చేతిలో ఉన్నది 120. రోజుకు ఆరు చొప్పున 20 రోజులు. అందులోనే దసరాకు ముందో రోజు వెనకో రోజు, అక్క పెళ్లి, ఒక జ్వరం, ఊళ్లో తిరునాళ్ల. నవంబరు నాటికి ఏమీ మిగలదు.

నా కథ ఇక్కడే. నేను చదివింది ఒక ప్రైవేటు కాలేజీలో. రెండో ఏడాది కామెర్లు వచ్చి నెల దాకా ఇంట్లో ఉన్నాను. హాజరు 71 దగ్గర ఆగింది. కాండొనేషన్ ఉంది కదా అని నిబ్బరంగా ఉన్నాను. తిరిగి వెళ్లేసరికి మెడికల్ సర్టిఫికెట్లు ఇవ్వాల్సిన తేదీ దాటిపోయింది. ఆఫీసులో క్లర్కు సారు తలెత్తకుండానే, "నోటీసు పెట్టి పన్నెండు దినాలాయె కదప్పా" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. రూమ్మేటుకు ఒక్క ఫోన్ చేసి బోర్డు చూసి రమ్మని ఉంటే సరిపోయేది. ఆర్నెల్లు పోయాయి. అప్పటి నుంచి నా ఫోనులో ప్రతి సోమవారం ఉదయం ఒకే అలారం: 'బోర్డు చూడు.'

మొదటి ఏడాది నుంచి రెండుకు వెళ్లడానికి హాజరు చాలు. రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు మాత్రం అప్పటిదాకా ఉన్న క్రెడిట్లలో 40 శాతం సాధించి ఉండాలి. "సప్లీలు తర్వాత చూసుకుందాంలే" అనేవాళ్లు ఇరుక్కునేది ఈ గేటు దగ్గరే.

మొదటి సెమిస్టర్: డ్రాయింగ్ షీటు ముందు

పేరుకు కష్టమైన సబ్జెక్టు మ్యాథ్స్. మాట్రిసెస్, కాల్‌క్యులస్ ఇంటర్ ఎంపీసీ చేసినవాడికి కొత్త కాదు, రోజూ నాలుగు లెక్కలు చేస్తే సరిపోతుంది. మనోళ్లను నిజంగా ఏడిపించేది ఇంజనీరింగ్ గ్రాఫిక్స్. ఇంటర్‌లో దాని వాసనే ఉండదు.

మినీ డ్రాఫ్టర్ సీనియర్ దగ్గర సగం ధరకు కొనుక్కోండి, స్క్రూలు వదులుగా లేవని చూసి. 2హెచ్ పెన్సిలుతో సన్నగా గీతలు, హెచ్ లేదా హెచ్‌బీతో చివరి రూపురేఖ. మొదటి షీటులో సాధారణంగా వచ్చే లెక్క ఇదే: డైరెక్ట్రిక్స్ (ఒక స్థిర రేఖ) నుంచి ఫోకస్ (ఒక స్థిర బిందువు) 50 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, ఎక్సెంట్రిసిటీ (ఫోకస్ దూరానికి, డైరెక్ట్రిక్స్ దూరానికి నిష్పత్తి) 2/3, దీర్ఘవృత్తం గీయండి. చాలామంది దీని స్టెప్పులు కంఠస్థం పడతారు. కంఠస్థం అక్కర్లేదు. 2, 3 కలిపితే 5. 50ని ఐదు భాగాలు చేయండి, ఒక్కోటి 10. డైరెక్ట్రిక్స్ నుంచి మూడో గుర్తు దగ్గర వర్టెక్స్ (వక్రం కొన). అక్కణ్ణుంచి ఫోకస్‌కు 20, డైరెక్ట్రిక్స్‌కు 30, నిష్పత్తి 2/3. వక్రం మీద ఏ బిందువు తీసుకున్నా ఇదే నిష్పత్తి రావాలి, మిగతా గీతలన్నీ దానికోసమే. ఇది అర్థమైతే పారాబోలాకు 1, హైపర్‌బోలాకు 3/2 అని మార్చుకుని మీరే గీసేస్తారు.

ప్రొజెక్షన్లకు (వస్తువును వేర్వేరు వైపుల నుంచి చూసినట్టు గీయడం) వచ్చాక ఫస్ట్ యాంగిల్ పద్ధతి: ఫ్రంట్ వ్యూ పైన, టాప్ వ్యూ దాని కింద. తలకాయ తిరుగుతుంది. అగ్గిపెట్టెను టేబుల్ మీద పెట్టి ముందునుంచి, పైనుంచి చూసి గీయండి. సిగ్గుపడొద్దు, మా సార్ కూడా క్లాసుకు సుద్దముక్కల డబ్బా తెచ్చేవాడు.

ప్రోగ్రామింగ్ సంగతి ఒక్క మాట. సొంత ల్యాప్‌టాప్ లేదని ఆగొద్దు. సీ ప్రోగ్రాములు ఫోనులోనూ నడుస్తాయి. ముందు కాగితం మీద రాసి, వేరియబుల్ విలువలు ఒక్కో లైనుకు ఎలా మారుతున్నాయో పక్కన రాసుకోండి. ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆలోచించేవాడికి మూడు గంటలు చాలవు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి రెండు నెలలు గదిలో అందరికీ అర్థమై తమకే అర్థం కానట్టు ఉంటుంది. అది నిజం కాదు, సగంమంది తలూపుతుంటారు, అంతే. ప్రతి సబ్జెక్టుకూ వెనక పేజీల్లో మాటల పట్టిక పెట్టుకోండి: ఇంగ్లిషు మాట, దాని అర్థం మీ తెలుగులో. సార్‌ను క్లాసులో అడగలేకపోతే బ్రేక్‌లో స్టాఫ్ రూముకు వెళ్లి, "సార్, ఈ లైను దగ్గర ఆగిపోయినా" అని నోట్సు చూపించండి. అలా వచ్చే పిల్లలు తక్కువ కాబట్టి ఎక్కువమంది సార్లు సంతోషంగానే చెప్తారు.

పరీక్ష, ల్యాబ్

ఆర్23 థియరీ పేపర్లు ఎక్కువగా ఒకే పద్ధతిలో ఉంటాయి. పది చిన్న ప్రశ్నలు, ఒక్కోటి 2 మార్కులు. తర్వాత ఐదు యూనిట్ల నుంచి ఐదు పెద్ద ప్రశ్నలు, 10 మార్కుల చొప్పున, ప్రతి దానికీ ఇది లేదా అది. ఒక యూనిట్ మొత్తం వదిలేస్తే 10 మార్కులతో పాటు చిన్నవాటిలో ఇంకో 4 పోయే ప్రమాదం ఉంది. రెండు యూనిట్లు వదిలేసి మిగతా మూడే చదివినోడు పాస్ అంచున నడుస్తాడు.

జిరాక్స్ షాపులో దొరికే 'ఇంపార్టెంట్లు' నేనూ చదివాను. పాత పేపర్లు ఐదారు పక్కన పెట్టుకుని, ఏ యూనిట్ నుంచి ఏ ప్రశ్న ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో మీరే గళ్లు గీసుకుంటే ఒక సాయంత్రంలో అంతకంటే మంచి జాబితా వస్తుంది.

ఫెయిలైతే రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ ఉన్నాయి. వాటి గడువు ఫలితాలొచ్చాక కొద్ది రోజులే. రీవాల్యుయేషన్ పెట్టినా సప్లీ ఫీజు కూడా కట్టేయండి. రీవాల్యుయేషన్ ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లీ తేదీ పోగొట్టుకున్నోళ్లు నాకు తెలుసు.

ల్యాబులను చిన్నచూపు చూడొద్దు. ఒక్కోటి ఒకటో ఒకటిన్నరో క్రెడిట్ అంతే, నిజమే. కానీ నాలుగు ల్యాబులు కలిస్తే దాదాపు రెండు థియరీ సబ్జెక్టుల బరువు. పైగా 90 దాటి ఎస్ గ్రేడు, అంటే 10 పాయింట్లు తెచ్చుకోవడం థియరీ కంటే ల్యాబులోనే సులువు. రికార్డు ఏ వారానిది ఆ వారం దిద్దించుకోండి. వైవాలో (నోటి పరీక్షలో) అడిగేది ఎక్కువగా రీడింగ్ ఎందుకు అలా వచ్చిందనే. పక్కోడి రీడింగులు ఎక్కించుకున్నవాడు అక్కడే దొరికిపోతాడు.

రెండో ఏడాది ఎండాకాలం నుంచి

రెండో ఏడాది తర్వాత, మూడో ఏడాది తర్వాత వేసవి ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి. వాటిలో ఒకటి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. దీన్ని చాలామంది ఊళ్లో సర్పంచ్ సంతకం, నాలుగు ఫొటోలతో ముగిస్తారు. నాకది దండగ అనిపిస్తుంది. మన జిల్లాలో ప్రశ్నలకు కొదవా? తాగునీటిలో ఫ్లోరైడ్ తీసుకోండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే గతి లేనప్పుడు 1.5 దాకా అని భారతీయ ప్రమాణం చెబుతుంది. మీ ఊరి పది బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి, లోతు రాసి, పరీక్ష చేయిస్తే అదే రిపోర్టు. ఎలక్ట్రికల్ వాళ్లు సోలార్ పంపుసెట్లు, సీఎస్ఈ వాళ్లు వేరుశనగ రైతుల లెక్కల పుస్తకం పట్టుకోవచ్చు.

ఇంటర్న్‌షిప్‌కు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి సర్టిఫికెట్ కొనడం కంటే చుట్టుపక్కల చూడండి: తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీ, గుత్తి లోకో షెడ్డు, ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, పెనుకొండ దగ్గర కియా, ఓర్వకల్లు వైపు సోలార్ పార్కు. ఊరికే గేటు దగ్గరికి పోతే సెక్యూరిటీ వెనక్కి పంపిస్తాడు. హెచ్‌ఓడీ (బ్రాంచి హెడ్) లెటర్, బోనఫైడ్ (ఈ కాలేజీ విద్యార్థేనన్న పత్రం) తీసుకుని రెండు నెలల ముందే శిక్షణ విభాగానికి రాయండి, జవాబు లేకపోతే పదిరోజులకు మళ్లీ రాయండి. ఆ శాఖలో పనిచేసే సీనియర్ ఉంటే ఫోన్ చేసి, "అన్నా, ఎవరిని కలవాల?" అని అడగండి. ఎవర్ని కలవాలో తెలిస్తే సగం పని అయినట్టే.

ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ వీడియో పాఠాల వేదిక) పాఠాలు ఉచితం. పరీక్ష రాస్తేనే ఫీజు. ల్యాబులో కానీ క్లాసులో కానీ అర్థం కాని సబ్జెక్టుకు ఐఐటీ ప్రొఫెసరు చెప్పిన 30 గంటల పాఠం ఇంటిదగ్గరే దొరుకుతుంటే, ట్యూషన్ సెంటర్ చుట్టూ తిరగడం ఎందుకో నాకు అర్థం కాదు.

చివరి రెండేళ్లు

మూడో ఏడాదిలో దారి తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు పది, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం, పెండింగ్ సప్లీలు లేకుండా ఉండాలని అడుగుతాయి. సీజీపీఏను (అన్ని సెమిస్టర్ల గ్రేడు పాయింట్ల సగటు, 10కి) శాతంలోకి మార్చేటప్పుడు 0.5 తీసేసి 10తో హెచ్చించాలి. కాబట్టి 60 శాతమంటే 6.5. చాలామంది 6 ఉంటే చాలనుకుని ఆన్‌లైన్ ఫారంలోనే ఆగిపోతారు.

గేట్‌ను (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) మూడో ఏడాదిలోనే రాయొచ్చు. 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. మొదటిసారి ర్యాంకు కోసం కాదు, ఏ సబ్జెక్టు మరిచిపోయామో తెలుసుకోవడానికి రాయండి. ర్యాంకుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు గేట్ స్కోరు మీదే పిలుస్తాయి. సివిల్, ఎలక్ట్రికల్ వాళ్లు రాష్ట్రంలో ఏఈ, ఏఈఈ (ప్రభుత్వ ఇంజనీరు ఉద్యోగాల) నోటిఫికేషన్ల కోసం చూస్తుంటే గేట్ చదువే దానికీ పనికొస్తుంది.

ఎనిమిదో సెమిస్టర్‌లో ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్. ప్రాజెక్టు కొనొద్దు. బెంగళూరు నుంచి కొనుక్కొచ్చిన ప్రాజెక్టును వైవాలో 'ఈ బ్లాకు తీసేస్తే ఏమవుతుంది?' అన్న ఒక్క ప్రశ్న పడగొడుతుంది. చిన్నదైనా మీ చేత్తో చేసినదాన్ని పది నిమిషాలు చెప్పగలరు, ఇంటర్వ్యూలోనూ అదే అడుగుతారు.

ఫలితాలొచ్చాక పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), టీసీ తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోతో అక్షరం అక్షరం సరిచూడండి. తర్వాత దిద్దించుకోవాలంటే మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఫీజు, మళ్లీ అనంతపురం బస్సు. ఓడీకి వేరే దరఖాస్తు చేయాలి. అడ్రసు గడిలో పేయింగ్ గెస్ట్ రూముదో, బెంగళూరు హాస్టలుదో రాయొద్దు, ఏడాదిలో మారిపోతుంది. ఊళ్లోని ఇంటిది రాసి, అమ్మకు చెప్పి పెట్టండి.